ఉగ్గుగిన్నెడు నీళ్ళు

చొంగ కారనీ, అనుకుంది వినీల. భుజం మీద చీర తడిసి ఒంటికి అంటుకుంటోంది, కాసేపు వెచ్చగా, ఫ్యాను గాలి తగిలినప్పుడు చల్లగా, మళ్ళీ వెచ్చగా. పొద్దున జాకెట్లు కుట్టే మెర్లిన్ ఇస్త్రీ చేసి పంపిన గంధం రంగు చీర, మరక పడితే పడనీ, బిడ్డ నోట్లో తడి ఉందంటే లోపల ఊపిరి ఆడుతోందనేగా. ఎనిమిది నెలల కిందట ఈ పెదాలే ఎండిన ఉల్లిపొరల్లా ఉండేవి. ఇప్పుడేమో అడ్డూ ఆపూ లేదు. స్తోత్రం దేవా, ఈ చొంగకి స్తోత్రం. ఇలాంటి ప్రార్థన పాదిరి అయ్యగారి చేతిలో ఉన్న నల్లట్ట ప్రార్థన పుస్తకంలో ఉండదు. అందులో వానకి ప్రార్థన ఉంది, సముద్రం మీద పోయేవాళ్ళకి ఉంది, కాన్పయి లేచిన తల్లి గుడికొచ్చి చెప్పుకునే స్తోత్రం కూడా ఉంది, చొంగ సంగతి మాత్రం ఎవరూ రాయలేదు. రాసినవాళ్ళు మొగవాళ్ళయి ఉంటారు. నవ్వు వచ్చింది, వెంటనే భయం వేసింది, గుడిలో ఇలా అనుకోవచ్చా, అందులోనూ ఇవాళ. కిటికీలోంచి ఉప్పు గాలి, దూరంగా ఓడరేవులో క్రేను ఏదో మూలిగింది. ఆ మూలుగు విని పక్కన భర్త ఫ్రెడ్డీ తల తిప్పాడు. పొద్దున్నే రేవులో డ్యూటీ దిగి తిన్నగా వచ్చేశాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అయినా చొక్కా మడత నలగకుండా కూర్చున్నాడు, కొడుకు బాప్తిస్మమని. అటుపక్క అత్త మగ్దలీనమ్మ, ఒళ్ళో తెల్ల లేసు టోపీ పెట్టుకుని దాన్ని మాటిమాటికీ నిమురుతోంది.

మొదటి కీర్తన అయిపోయింది, పాపాల ఒప్పుకోలు అయిపోయింది, ఇప్పుడు సమాధానం అనే తాత బైబిల్లోంచి మొదటి పాఠం చదువుతున్నాడు. ఎనభై దాటిన మనిషి, ఒక్కొక్క మాటనీ వేలితో తడిమి అది అక్కడే ఉందని నమ్మకం కుదిరాక గాని నోట్లోంచి వదలడు. మామూలు ఆదివారాల్లో తాత లేచాడంటే వెనక బల్లల మీద మొగవాళ్ళు నిట్టూరుస్తారు. ఇవాళ వినీల మాత్రం ఇంకా నెమ్మదిగా చదువు తాతా అని లోలోపల బతిమాలుకుంటోంది. తాతది అయ్యాక రెండో పాఠం, అదయ్యాక అయ్యగారు పుస్తకం పట్టుకుని మెట్లు దిగి, పడమటి వాకిలి దగ్గరున్న నల్లరాతి తొట్టి దాకా నడుస్తారు, అందరూ లేచి అటు తిరుగుతారు, అప్పుడు అన్నిటికన్నా ముందు ఒక మాట అడుగుతారు. ఈ బిడ్డకు ఇదివరకే బాప్తిస్మం జరిగిందా, లేదా? శుక్రవారం సాయంత్రం ఇదంతా నడిపించి చూపించారు. బిడ్డకి జ్ఞానతల్లిగా నిలబడే మెర్లిన్, చక్కగా, గట్టిగా, లేదు అని చెప్పింది. మెర్లిన్‌కి ఏం తెలుసు. జాకెట్టు రేపిస్తానని చెప్పి ఎల్లుండి ఇవ్వడం తప్ప ఇంకో అబద్ధం ఎరగని మనిషి. అలాంటి మెర్లిన్ ఇవాళ దేవుడి ఎదట, తొట్టి ముందు నిలబడి అబద్ధం ఆడబోతోంది, ఆ అబద్ధం వినీలది. జరిగింది. ఈ బిడ్డకు బాప్తిస్మం జరిగింది. ఎనిమిది నెలల కిందట, ఒక మంగళవారం మధ్యాహ్నం, ఉగ్గుగిన్నెడు నీళ్ళతో, తన చేత్తో తనే ఇచ్చింది.

ఎవరికీ చెప్పలేదు. ఒకసారి ఇచ్చాక మళ్ళీ ఇవ్వకూడదు, అయ్యగారు తల్లిదండ్రుల క్లాసులో రెండుసార్లు చెప్పారు, అది దేవుడు చేసిన పని, సరిగ్గా చెయ్యలేదేమో అని ఇంకోసారి చేయించకూడదు అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు తన వైపే చూశారా, లేదు, పక్కనున్న గోడ గడియారం వైపు చూశారు. ప్రతి వారం అందరితో కలిసి విశ్వాసం ఒప్పుకునేటప్పుడు, బాప్తిస్మం ఒక్కటే అనే చోటికి వచ్చేసరికి ఆమె నాలుక ఆగిపోతోంది, గుంట చూసి పక్కకి అడుగేసినట్టు ఆ మాట దాటి తరవాతి మాట దగ్గర మళ్ళీ గుంపులో కలుస్తోంది. ఎనిమిది నెలలు. అసలది బాప్తిస్మమేనా? ఇంటర్ మొదటి ఏడు సగంలో ఆగిపోయిన మనిషి, మెడలో శిలువ గాని ఒంటి మీద తెల్లంగీ గాని లేని మనిషి, ఆస్పత్రి వాళ్ళిచ్చిన రబ్బరు చెప్పులతో, నడుం దగ్గర ముడి ఊడిపోతున్న పచ్చ గౌనుతో ఇచ్చినది లెక్కలోకి వస్తుందా? రాకపోతే బాగుండు. ఇవాళ అయ్యగారు ఇచ్చేదే మొదటిది అవుతుంది, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. కాని రాదు అనుకోలేకపోతోంది. రాకపోతే ఆ మధ్యాహ్నం తను ఎవరితో మాట్లాడినట్టు? ఆ గదిలో తనతో పాటు నిలబడింది ఎవరు?

గూడూరులో పుట్టింటివాళ్ళ గుడిలో అయితే ఈ గొడవే లేదు. అక్కడ పసిబిడ్డలకి ఇవ్వరు, తెలివి వచ్చి నమ్మిన తరవాతే, అదీ ముంచుతారు. నాన్న నిమ్మ మార్కెట్లో బస్తాలు మోసేవాడు, ఆయన నడుం పట్టేసిన ఏడాది తను పుస్తకాలు అటక మీద పెట్టి కాయలు ఏరడానికి పోయింది, పెద్దవి ఒక కుప్ప, చిన్నవి ఒక కుప్ప, మచ్చ పడ్డవి ఇంకో కుప్ప. ఆ ఏడే తెల్లచీర కట్టుకుని సిమెంటు తొట్టిలో నడుం లోతు నీళ్ళలోకి దిగింది. పాస్టరుగారు ముక్కు మూసి వెనక్కి వంచారు. ఒక్క క్షణం నెత్తిన నీళ్ళు, చెవుల్లో హోరు, లేచి మొహం తుడుచుకుంటే చేతులకి నిమ్మకాయ వాసన. అంత దేవుడి నీళ్ళలో మునిగినా పోలేదు ఆ వాసన, అందుకు సంతోషం కూడా వేసింది. ముత్తుకూరు సంబంధం కుదిరినప్పుడు నాన్న వియ్యపురాలిని ఆటపట్టించాడు. "ఏందమ్మా, మీ గుడిలో గుక్కెడు నీళ్ళతోనే పని కానిస్తారంట గదా?" అత్త తడుముకోలేదు. "చేసేది దేవుడైతే గుక్కెడు చాలన్నా. మీకే ముంచిందాకా నమ్మకం చాలదు." పెళ్ళిలో అందరూ దాన్ని చెప్పుకుని నవ్వారు. నాన్న ఇవాళ రాలేదు, నడుం నొప్పి అన్నాడు, నిజంగా నడుమో, పసిబిడ్డ బాప్తిస్మం చూడలేకో. కాని పొద్దున ఫోను చేసి, నా మనవడి తల బాగా తుడవండి, జలుబు చేస్తుంది అన్నాడు. నాన్నకి కూడా స్తోత్రం.

గుక్కెడు చాలన్నా. అత్త అన్న ఆ మాట ఆ మంగళవారం గుర్తొచ్చిందా? లేదు, ఆ మంగళవారం ఏదీ గుర్తు రాలేదు. బిడ్డ ఏడో నెలలోనే పుట్టాడు, అరచేతికి కాస్త ఎక్కువ, నెల్లూరు ఆస్పత్రిలో గాజు పెట్టెలో పెట్టారు. తల్లి ఒక్కర్తినే పూటకి ఒకసారి లోపలికి రానిచ్చేవాళ్ళు, పిండిన పాలు ఉగ్గుగిన్నెలో పట్టుకెళితే నర్సు గొట్టంలో పోసేది. ఆరో రోజు డాక్టరమ్మ బయటికి వచ్చి, ఇవాళ పాలు వద్దు, మీ వాళ్ళకి కబురు చేసుకోమ్మా అంది. కబురు. ఫ్రెడ్డీ ఓడ మీద సరుకు దించే చోట ఉన్నాడు, లోపల ఫోను పెట్టుకోనివ్వరు. వరండాలో ఉన్నది గుడి ఆడవాళ్ళలో పెద్దదైన రెబెక్కమ్మక్క ఒక్కతే, జావ తెచ్చింది, రొయ్యల షెడ్డులో సగం పూట సెలవు పెట్టి రెండు బస్సులు మారి వచ్చింది. యాభై దాటిన మనిషి, చేతివేళ్ళు నీళ్ళలో నాని నాని ఎప్పుడూ ముడతలు పడి ఉంటాయి, ఆ వేళ్ళతోనే ఫోను నొక్కీ నొక్కీ తల అడ్డంగా ఊపింది. "అయ్యగారి ఫోను పలకడంలా పాపా. మీటింగుకి పోయినారంట, కర్నూలు పక్క."

"ఇప్పుడెట్టక్కా?"

"నువ్వే ఇయ్యి. పానం మీదికొచ్చినప్పుడు ఎవురైనా ఇయ్యొచ్చు. మా నాయినమ్మ మంత్రసాని, ఆమెకి పాత అయ్యగారు నేర్పించినారు, ఆమె నాకు నేర్పించింది. నీళ్ళు, మూడు పేర్లు. అంతే. నన్ను లోనికి రానిస్తే నేనే ఇద్దును." ఖాళీ ఉగ్గుగిన్నె వినీల చేతిలోనే ఉంది. రెబెక్కమ్మక్క తన సీసా మూత తీసి అందులో నీళ్ళు పోసింది. "మన బోరు నీళ్ళే. కాచి చల్లార్చి తెచ్చినా, భయం లేదు. మాటలు ఇంకోసారి చెప్పు." చెప్పింది. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ. చిన్నప్పటి నుంచి రోజుకి పదిసార్లు అనే మాటలు, ఆ వరండాలో ఎక్కాలు అప్పజెప్పినట్టు తడబడింది. మళ్ళీ చెప్పించింది అక్క. మళ్ళీ.

లోపల చలి. పెట్టెల వరస, ప్రతి పెట్టె మీదా ఒక పచ్చ గీత ఎగిరి పడుతూ, వీడి పెట్టె మీద గీత ఎగరడానికి ఆలోచిస్తూ. కాలికి కట్టిన చీటీ మీద వినీల బిడ్డ అని మాత్రమే ఉంది. పేరు ఇంకా తేలలేదు, అత్తకి చనిపోయిన మామ పేరు రాజ్ కుమార్ కావాలి, ఫ్రెడ్డీకి జోయెల్ కావాలి, బయటికి తెచ్చుకున్నాక తేల్చుకుందాం అనుకున్నారు. నర్సు అటు తిరిగి మందు కొలుస్తోంది. పెట్టె పక్కనున్న గుండ్రటి కిటికీలోంచి చెయ్యి దూర్చింది, ఉగ్గుగిన్నె దూర్చింది. పేరు పెట్టి పిలవాలి, ఏ పేరు, ఎవరి పేరు, నోరు తెరిస్తే వచ్చింది చిన్నోడా అని. చిన్నోడా, నేను నీకు బాప్తిస్మమిస్తున్నా. ఉగ్గుగిన్నె ముక్కు వంచితే పాలు పోసినంత సన్నగా మూడుసార్లు, అంటించిన టేపు తడవకుండా, నుదుటి పైన, చెవి పక్కకి జారిపోయేలా. గోడ గడియారం పన్నెండు దాటి రెండు నిమిషాలు చూపిస్తోంది. పన్నెండు. చీటీలో వచ్చిన పేరు కోసం గుడి ఆడవాళ్ళు ప్రార్థన చేసే వేళ, మెర్లిన్ కుట్టుమిషను ఆపి ఉంటుంది, తక్కినవాళ్ళూ ఎవరి పని దగ్గర వాళ్ళు ఆగి ఉంటారు, ఎవరో ఒకరి చేతిలో తన పేరు ఉంటుంది, ఎవరి చేతిలోనో. ఆ ఒక్క తలపు పట్టుకుని నిలబడగలిగింది. నీళ్ళు పడ్డప్పుడు బిడ్డ మొహం ముడిచాడు. ఏడవడానికి బలం లేదు, ముడిచాడంతే. ఇక నువ్వు దేవుడి బిడ్డవి, పోవాలంటే పో చిన్నోడా, నేను పట్టుకోను అంది.

అదీ అసలు సంగతి. నీళ్ళు కాదు, మాటలు కాదు, గౌను కాదు. పో అంది. కన్నతల్లి అయి ఉండి ఆ నిమిషాన బిడ్డని వదిలేసింది. అదే గంటలో ఇంటి దగ్గర అత్త మోకాళ్ళ మీదే ఉందట, నా మనవడు బతికొస్తాడని, వీధి వీధంతా చెప్పుకుంటుంది ఇప్పటికీ, ఏం నమ్మకం మగ్దలీనమ్మది అని. ఫ్రెడ్డీ సాయంత్రం పరిగెత్తుకొచ్చి, మనోడికి ఏం కాదు వినీ, చూడు అన్నాడు. అందరూ పట్టుకున్నారు, తనొక్కతే వదిలింది. వరండాలోకి వచ్చాక రెబెక్కమ్మక్క కళ్ళతో అడిగింది, ఇచ్చినావా అని. ఇచ్చానని చెబితే పంపించేశానని చెప్పడమే. "లేదక్కా. నర్సు చూస్తా ఉండె." అక్క కొంచెంసేపు ఆమె మొహంలోకి చూసి, "సరేలే" అంది. అంతే, ఒక్క మాట, సరేలే, ఉగ్గుగిన్నె తీసుకుని కొంగుతో తుడిచి సంచిలో పెట్టింది. బుధవారం గీత కాస్త ఎగిరింది. గురువారం బిడ్డ ఆవలించాడు. ఆవలింత! ఇంత పెద్ద నోరు, లోపల గులాబి రంగు, బతుకు మీద విసుగెత్తిన ముసలాడిలా. నర్సు నవ్వింది. ఆ వారంలోనే అయ్యగారు తిరిగొచ్చి, ప్రభుభోజన సంస్కారపు చిన్న పెట్టె పట్టుకుని ఆస్పత్రి మెట్ల దగ్గర ఆమెకి రొట్టే ద్రాక్షరసమూ ఇచ్చారు, వచ్చేపోయేవాళ్ళు చూస్తుండగా. రొట్టె నాలుక మీద కరిగిపోతుంటే చెప్పేద్దామా అనుకుంది. చెప్పలేదు. ఆకలిగా ఉన్న మనిషికి పెట్టినట్టు పెట్టారు, ఏమీ అడగలేదు, ఏమీ అడగకుండా పెట్టే చెయ్యి ముందు ఏం చెబుతాం.

సమాధానం తాత పేజీ తిప్పాడు. తిప్పిన పేజీ కరెక్టేనా అని వెనక్కి తిప్పి చూశాడు. స్తోత్రం తాతా, ఇంకా చూడు. బిడ్డ గొలుసు పట్టి లాగుతున్నాడు, లాగు, బలం ఉందిగా. పేర్ల డబ్బా ఇవాళ కూడా వస్తుంది, నెల మొదటి ఆదివారం. పాత పాలపొడి డబ్బా, దాని మీద బొమ్మ అరిగిపోయి సగం మొహం మిగిలింది. ఎనిమిది మంది ఆడవాళ్ళు, ఎనిమిది చీటీలు, గుడి అయ్యాక వాకిట్లో చెయ్యి పెట్టి ఒక్కో చీటీ తీస్తారు, ఎవరి పేరు వస్తే వాళ్ళ కోసం ఆ నెలంతా, రోజూ పన్నెండింటికి, ఎక్కడున్నా ఏం చేస్తున్నా ప్రార్థన. ఎవరి పేరు వచ్చిందో చెప్పకూడదు. నెల తిరిగాక చీటీ డబ్బాలో వేస్తూ, చెప్పాలనిపిస్తే చెవిలో చెబుతారు, నువ్వు నా చేతిలో ఉన్నావు అని. పెళ్ళయి కొత్తగా వచ్చిన నెలలో మెర్లిన్ అలా చెప్పింది, ముక్కూమొహం తెలియని ఊళ్ళో ఎవరో నెలంతా తనని చేతిలో పెట్టుకు తిరిగారని తెలిసి ఇంటికెళ్ళి ఏడ్చింది, సంతోషానికి. కాని బిడ్డ పుట్టినప్పటి నుంచి ఒక్కరూ చెప్పలేదు. ఎనిమిది మొదటి ఆదివారాలు. చీటీలు వేస్తారు, తీస్తారు, ఎవరి చెవి దగ్గరికో ఎవరో వంగుతారు, ఆమె చెవి దగ్గరికి మాత్రం ఎవరూ రారు. అడగకూడదు. ఆస్పత్రికి జావ తెచ్చారు, బట్టలు ఉతికారు, మెర్లిన్ ఈ లేసు గౌను కుట్టింది, వంతులేసుకుని అత్తకి తోడు పడుకున్నారు, ఇంత చేసినవాళ్ళని పట్టుకుని నా పేరు ఎవరికి వచ్చింది అని అడిగితే ఎంత సిగ్గు. కాని లోపల ఒక మూల అనిపిస్తూనే ఉంది, దాచినందుకే దేవుడు తన చీటీ పక్కకి తీసి పెట్టాడని.

రెండో పాఠం ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది? అయ్యగారు మెట్లు దిగుతున్నారు. బల్లలు కిర్రుమన్నాయి, అందరూ లేచి పడమటికి తిరిగారు. ఫ్రెడ్డీ మోచెయ్యి పట్టి లేపాడు. నడవ ఇంత పొడుగుందా, కాళ్ళ కింద బండలు చల్లగా, ఒక్కోటీ ఒక్కోటీ. చాపల మీద నుంచి లేచిన ఆడవాళ్ళ మధ్య రెబెక్కమ్మక్క నిలబడి ఉంది, ఉన్న ఒక్క పట్టుచీర కట్టుకుని, చూస్తోంది. తొట్టిలో నీళ్ళు నిండుగా, గట్టు మీద నీళ్ళు పొయ్యడానికి పెద్ద ఆల్చిప్ప, తెల్లగా. ఎంత శుభ్రంగా ఉందో అన్నీ. ఊరుకో, ఊరుకుంటే చాలు, మెర్లిన్ ఒక్క మాట అంటుంది, నీళ్ళు పడతాయి, ఫోటోలు తీస్తారు, బిరియాని ఉంది, ఇంటికి పోతాం. ఆ మంగళవారం తన మాట నమ్మి దిగివచ్చిన దేవుణ్ణి, నువ్వు రాలేదనుకుంటా అని వాకిట్లోనే నిలబెట్టినట్టు అవుతుంది, అంతేగా. వచ్చాడు కదా. ఆ చలి గదిలో, తన పక్కన. మొహం ముడిచాడు కదా బిడ్డ.

అయ్యగారు పుస్తకం తెరిచి అడిగారు. "ఈ బిడ్డకు ఇదివరకే బాప్తిస్మం జరిగిందా, లేదా?"

పక్కన మెర్లిన్ గాలి పీల్చుకోవడం వినిపించింది.

"అయింది అయ్యగారూ," అంది వినీల.

"వినీ?" అన్నాడు ఫ్రెడ్డీ మెల్లగా. అయ్యగారు కళ్ళద్దాల పైనుంచి చూశారు, ఆశ్చర్యపోయారో లేదో తెలియలేదు, వేలు తడి చేసుకుని నాలుగు పేజీలు ముందుకి తిప్పారు. అలాంటి వాళ్ళ కోసం కూడా ఆ పుస్తకంలో ఒక పేజీ ఉంది! చొంగకి లేదు గాని దీనికి ఉంది. "ఎవరిచ్చారమ్మా?"

"నేనే. ఆస్పత్రిలో."

"అప్పుడు దగ్గర ఎవరున్నారు?"

ఎవరూ లేరు అని చెప్పబోయింది. చాపల వైపు నుంచి గొంతు వచ్చింది, షెడ్డులో మిషన్ల మీద మాట్లాడి అలవాటైన గొంతు. "నేనుండా అయ్యా. తలుపుకి అరచెయ్యంత అద్దం ఉండాది, అందులోంచి చూసినా. మూడుసార్లు పోసింది. నీళ్ళు నావే."

వినీల బిడ్డని ఎగదోసుకుని అటు తిరిగింది. అక్క అంతా చూసింది. ఎనిమిది నెలలుగా తెలుసు. సరేలే అన్నప్పుడే తెలుసు.

"నీళ్ళు తల మీద పారినాయా అమ్మా? ఏ మాటలతో ఇచ్చావు?"

"చెవి పక్కకి జారినాయి అయ్యగారూ." మాటలు చెప్పింది. ఈసారి తడబడలేదు, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ, ఒక్కొక్కటీ దాని చోట్లో అది ఉంది.

"ఏ పేరుతో?"

"పేరు అప్పటికి పెట్టలేదండీ. చిన్నోడా అన్నా."

మొదట నవ్వింది ఎవరో తెలియదు, తరవాత గుడంతా నవ్వింది. సమాధానం తాతకి వినపడక చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏం పేరంట?" "చిన్నోడంట తాతా!" "బాగుండాది," అన్నాడు తాత. అయ్యగారు కూడా నవ్వు ఆపుకోవడానికి పుస్తకంలోకి చూశారు. "ఈ బిడ్డకు బాప్తిస్మం సక్రమంగా జరిగింది," అన్నారు అందరికీ వినపడేలా, "మళ్ళీ ఇవ్వనక్కర లేదు, ఇవ్వకూడదు. వాడు ఎనిమిది నెలలుగా మనవాడే. ఇవాళ పేరు చెప్పి లోపలికి పిలుచుకోవడమే మన పని." తరవాత గొంతు తగ్గించి, "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నారు.

"పో అన్నానండీ, ఆరోజు," అంది. అంతకన్నా రాలేదు. "వదిలేశా."

దానికి అయ్యగారు ఏదో చెప్పబోయారు, ఈలోపు మగ్దలీనమ్మ దగ్గరికి జరిగింది. టోపీ లేసు వేళ్ళకి చుట్టుకుని, కోడలి చెవిలో, ఎవరికీ వినపడకుండా అంది. "ఈ గౌను గుడ్డ యాడిదో తెలుసా నీకు? ఆ మంగళారం పెట్లోంచి తీసి మంచం మీద పెట్టినా, బిడ్డ పోతే చుట్టేదానికి కావాలేమోనని. మోకాళ్ళ మీద ఉన్నది నిజమే, గుడ్డ తీసి పెట్టుకున్నదీ నిజమే. వాడు ఇంటికొచ్చినాక మెర్లిన్‌కి ఇచ్చి గౌను కుట్టమన్నా." వినీల వంగి చూసింది. తెల్లటి గుడ్డ, చేతుల దగ్గర లేసు, రొమ్ము దగ్గర చొంగ మరక. అత్త చెయ్యి వచ్చి ఆ మరక తుడిచింది, "ఏడవమాకమ్మీ, ఫోటోలు తీస్తా ఉండారు," అంది తనే ఏడుస్తూ.

అయ్యగారు బిడ్డని ఎత్తుకుని పొడి బొటనవేలితో నుదుటి మీద శిలువ గుర్తు వేశారు. జోయెల్ రాజ్ కుమార్. ఫ్రెడ్డీ కోరిన పేరూ అత్త కోరిన పేరూ ఒకే బిడ్డ మీద సర్దుకున్నాయి. బిడ్డ ఆ వేలు నోట్లోకి లాక్కోబోయి, అందక, కింద మెరుస్తున్న తొట్టి చూశాడు. రెండు చేతులూ ఎత్తి నీళ్ళ మీద ఫట్టున కొట్టాడు. అయ్యగారి అద్దాలు, పుస్తకం, మెర్లిన్ మొహం అన్నీ తడిశాయి. "ఇది లెక్కలోకి రాదు," అన్నారు అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ. తరవాత అందరూ తూర్పుకి తిరిగి విశ్వాసం ఒప్పుకున్నారు, ఆ గుంట ఉండే చోటికి వచ్చేసరికి వినీల అడుగు పక్కకి వెయ్యలేదు, బాప్తిస్మం ఒక్కటే అంది, పక్కవాళ్ళ గొంతుకన్నా కొంచెం గట్టిగానే అంది, ఫ్రెడ్డీ తిరిగి చూశాడు. సంస్కారపు బల్ల దగ్గర మోకరించి రొట్టె తీసుకున్నప్పుడు అది ఆస్పత్రి మెట్ల మీద తిన్న రుచే. అప్పుడూ ఇంతే మెత్తగా ఉంది, తనే గమనించలేదు.

వాకిట్లో వేపచెట్టు నీడలో డబ్బా తిరుగుతోంది. రెబెక్కమ్మక్క ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఎందుకు చెప్పలేదక్కా, చూశానని?"

"నువ్వు చెప్తావని."

"చెప్పకపోయుంటే?"

"చెప్పినావు గదా." జాకెట్లోంచి చిన్న గుడ్డ సంచి తీసింది, అందులోంచి నాలుగు మడతలుగా నలిగిన చీటీ. పెన్సిలు రాత చెదిరి సగం కనిపించడంలేదు, వి అన్న అక్షరం ఒక్కటే నిలబడి ఉంది. "బిడ్డ పుట్టిన నెల్లో నువ్వు నాకొచ్చినావు. నెల తిరిగినాక డబ్బాలో ఎయ్యబుద్ధి కాలా. ఎనిమిది నెలలుగా నువ్వు నా చేతిలోనే ఉండావు పాపా."

"మరి డబ్బాలో ఒకటి తక్కువ రాదా?"

"ఆఖర్న తీసేది నేనే గదా. ఉత్త డబ్బాలో చెయ్యి పెట్టి, తీసినట్టు మూసుకుని పోయేదాన్ని. పన్నెండు అయితే షెడ్డులో మోకరించేదానికి యాడ కుదురుద్ది, పొట్టు తీసే ఒక్కో రొయ్యకి ఒకసారి నీ పేరు. ఎన్ని దేశాలోళ్ళు తిన్నారో నీ పేరున్న రొయ్యలు."

"అదీ దొంగతనమే అక్కా, గుడి డబ్బాలో," అంది మెర్లిన్, తడిసిన మొహం ఇంకా తుడుచుకుంటూ.

"నువ్వు ముందు జాకెట్లు టయానికి ఇయ్యి, తరవాత నా సంగతి."

వినీల ఆ చీటీ ముక్కు దగ్గర పెట్టుకుంది. ఉప్పు, రొయ్యలు, సబ్బు. నిమ్మకాయ వాసన పోనట్టే ఇదీ పోదు, పోకూడదు. దేవుడు పక్కకి తీసిపెట్టాడు అనుకుంది, నిజమే, తీసే పెట్టాడు, ఇక్కడ, ఈ నానిన వేళ్ళ మధ్య. చీటీ తిరిగి రెబెక్కమ్మక్కకి ఇచ్చింది. అక్క దాన్ని ఒకసారి నిమిరి డబ్బాలో పడేసి, మూత పెట్టి గలగలా ఊపింది. "ఇంక ఎవురికన్నా పోమ్మా." డబ్బా వినీల ముందుకి వచ్చింది. చంకలో బిడ్డ, గొలుసు మళ్ళీ పట్టుకున్నాడు, భుజం మళ్ళీ తడుస్తోంది. ఆమె చెయ్యి పెట్టి అడుగు దాకా వెతికి ఒక చీటీ తీసింది. చూడలేదు. ఎవరి పేరైతేనేం, రేపు పన్నెండింటికి చూడవచ్చు. పిడికిలి మూసుకుంది.